పెద్దగట్టుకి తినడానికి వెళ్ళకండి, వండుకోవడానికి వెళ్ళండి

నమస్తే అన్నలూ, అక్కలూ. గొంతు బొంగురుగా ఉంది, ఏమనుకోవద్దు. పెద్దగట్టు జాతర దుమ్ము ఇంకా లోపలే ఉంది.

ఈ వీడియోకి అసలు కారణం మా బావ. పుణెలో ఉద్యోగం. చలికాలం వచ్చిందంటే చాలు, నాసిక్ పోయి ద్రాక్షతోటల్లో జరిగే వైన్ ఫెస్టివల్లో ఫొటోలు దిగి మా ఇంటి గ్రూపులో పెడతాడు. తీగల మధ్య బల్లలు, పొడుగు కాడల గాజు గ్లాసులు, పక్కన చీజ్ ముక్కలు. గ్లాసు గిర్రున తిప్పడం, వాసన చూడడం, ఒక గుటక వేసి కళ్ళు మూసుకోవడం. పోయినసారి ఫొటో కింద ఒక మాట కూడా రాశాడు: "మీ నల్గొండలో ఇట్లాంటివి ఉండవు కదా బామ్మర్దీ" అని.

రోషం వచ్చింది. నిజమే, మన దగ్గర వైన్ ఫెస్టివల్ లేదు. 'వైన్స్' అని బోర్డున్న షాపు ప్రతి సెంటర్లో ఉంటుంది కానీ, లోపలికి పోయి వైన్ అడిగితే కౌంటర్లో ఉన్నాయన మనల్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూస్తాడు. సరే. కానీ కాలం వచ్చినప్పుడు ఊరంతా బండి కట్టుకొని పోయి, వండుకొని తిని, కల్లు తాగి, రాత్రి అక్కడే పడుకొని వచ్చే పండుగలు మనకి ఎన్ని లేవు? మనం వాటిని జాతర అంటాం, ఫెస్టివల్ అనం. అంతే తేడా.

అందుకని ఈ సీజన్లో తిండి కోసమే జాతరలు తిరిగాను. 2024 కార్తీకంలో పాలమూరు వైపు కురుమూర్తి, 2025 ఫిబ్రవరిలో సూర్యాపేట దగ్గర పెద్దగట్టు. మధ్యలో కల్లు. ఒక చోట బుద్ధి గడ్డి తిని తాగాను, ఇంకో చోట సరిగ్గా తాగాను. రెండూ చెప్తా.

ముందు కురుమూర్తి. చిన్నచింతకుంట మండలం, అమ్మాపూర్ దగ్గర కొండల మధ్య గుడి. వెంకటేశ్వర స్వామి. పేదల తిరుపతి అని పిలుచుకుంటారు. దీపావళి దాటాక మొదలై దాదాపు నెల పాటు జనం వస్తూనే ఉంటారు. కురుమూర్తి పేరుతో రైల్వే స్టేషన్ కూడా ఉంది, మహబూబ్‌నగర్ నుంచి గద్వాల వైపు పోయే లైన్లో. ఇక్కడ తిండి సంగతి పక్కన పెట్టినా చూడాల్సింది ఒకటుంది, ఉద్దాల ఉత్సవం. ఉద్దాలు అంటే స్వామి పాదరక్షలు. వాటిని చిన్నవడ్డెమాన్ ఊళ్ళో దళిత కుటుంబాలవాళ్ళు నియమంతో తయారు చేస్తారు. అక్కడి నుంచి ఊరేగింపుగా గుడికి తీసుకొస్తారు. చెప్పుల్ని తలకి తాకించుకోవడం కోసం వేల మంది తోసుకోవడం నేను ఇక్కడే చూశా. ఈ షాట్లో కెమెరా ఊగుతోంది చూడండి, అది నా చెయ్యి కాదు, నా మీద పడ్డ జనం.

తిండి విషయానికొస్తే, కొండ కింద సీకులు. మాంసం ముక్కలకి కారం, అల్లం, ఎల్లిపాయ పట్టించి, ఇనప చువ్వకి గుచ్చి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. బాగుంది. అంచులు కొంచెం మాడి, లోపల రసం ఉండి, పైన నిమ్మకాయ పిండితే ఇంకేం కావాలి? కానీ పొద్దున పదికి తిన్న సీకు వేరు, సాయంత్రం ఐదుకి తిన్నది వేరు. సాయంత్రానికి రద్దీ పెరుగుతుంది, బొగ్గు మీద ఉంచే ఓపిక తగ్గుతుంది, ముక్క సాగుతుంది. సీకు తినాలంటే మధ్యాహ్నం లోపే. ఇంకా మిర్చీలు, జిలేబీ, ఖాజాలు, పేలాలు, పుట్నాలు, చక్కెర చిలుకలు. వీటికి రివ్యూ అక్కర్లేదు. చక్కెర చిలుక రుచి మీకూ తెలుసు, నాకూ తెలుసు. కొనేది పిల్లల కోసం, మెడ కొరికేది మనం.

తిరుగు ప్రయాణంలో హైదరాబాద్ మీదుగా వచ్చాం. బాలానగర్ దగ్గర రోడ్డు పక్కన సీతాఫలాలు గంపల్లో పెట్టి అమ్ముతున్నారు. సీజన్ చివర. దేశమంతా నర్సరీల్లో 'బాలానగర్' అని ఒక సీతాఫలం రకం అమ్ముతారు చూడండి, ఆ బాలానగర్ మన పాలమూరు బాలానగరే. ఒక గంప కొన్నాం. ఇంటికి వచ్చేసరికి సగం మెత్తబడ్డాయి, మిగతా సగం దారిలోనే తినేశాం. ఆ రోజు మొత్తంలో నాకు గుర్తున్న రుచి, నిజం చెప్పాలంటే, ఈ పండుదే.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. కురుమూర్తిలో చెట్ల కింద కుటుంబాలు కుటుంబాలు పొయ్యిలు పెట్టుకొని వండుతున్నాయి. పొగ, మాంసం వాసన, పిల్లల అరుపులు. నేను ఆ మధ్యలోంచి ఫోన్ పట్టుకొని నడిచి, మంచి షాట్ దొరికిందని సంతోషపడి, స్టాల్ దగ్గరకి పోయి సీకు కొనుక్కున్నా. అసలు జాతర తిండి నా పక్కనుంచే పోయింది, నాకు తట్టలేదు. తట్టడానికి పెద్దగట్టు దాకా ఆగాల్సి వచ్చింది.

పెద్దగట్టు తెలియనివాళ్ళకి: దురాజ్‌పల్లి. సూర్యాపేట దాటి విజయవాడ వైపు ఐదారు కిలోమీటర్లు, హైవే పక్కనే గుట్ట. పైన లింగమంతుల స్వామి, చౌడమ్మ తల్లి. యాదవుల కులదైవం. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో ఐదు రోజులు జరుగుతుంది. తెలంగాణలో మేడారం తర్వాత పెద్ద జాతర ఇదే అంటారు. ఈసారి ఫిబ్రవరి 16 ఆదివారం మొదలై 20 దాకా జరిగింది. లింగమంతుల స్వామికి మాంసం పెట్టరు, ఆయన శాకాహారి. యాటని, అంటే మేకనో గొర్రెనో, కోసేది చౌడమ్మకి. రెండో రోజు సోమవారం, బోనాల రోజు, ఆ రోజే తిండికి అసలు రోజు. మేం సోమవారమే పోయాం.

పోవడం అంత తేలిక కాదు. జాతర రోజుల్లో హైదరాబాద్ – విజయవాడ బండ్లని నార్కట్‌పల్లి దగ్గరే నల్గొండ వైపు మళ్ళిస్తారు, మిర్యాలగూడ మీదుగా కోదాడకి. అంటే ఆ ఐదు రోజులు హైవే మీద వచ్చే లారీలన్నీ మా ఊరి మీదుగానే. మేం నలుగురం రెండు బైకుల మీద తెల్లవారుజామునే బయలుదేరాం. గుట్టకి చాలా దూరంలో పార్క్ చేసి నడిచాం. దూరం నుంచే భేరీల చప్పుడు, "ఓ లింగా.. ఓ లింగా.." అని అరుపు. గజ్జెల లాగులు కట్టినవాళ్ళు ఎగురుతుంటే నేల దుమ్ము నడుము దాకా లేస్తుంది. నెత్తి మీద గంపలతో ఆడవాళ్ళు. ఈ సౌండ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకొని వినండి, నేను మధ్యలో మాట్లాడను.

...

సరే. దర్శనం అయ్యేసరికి పదకొండు దాటింది. ఎండ ముదిరింది. స్టాళ్ళ వరస చూశాం. మిర్చీ బజ్జీ: నూనె ఎప్పటిదో అడగొద్దు. చికెన్ పకోడీ: రంగు ఎక్కువ, కోడి తక్కువ. ప్లేట్ బిర్యానీ: అన్నం మెత్తబడింది, మసాలా పైపైన. జిలేబీ ఒక్కటే వేడిగా దొరికింది, అది బాగుంది. రేట్లు మాత్రం పట్నం రేట్లే. స్టాళ్ళవాళ్ళని తిట్టడం లేదు. ఐదు రోజుల్లో లక్షల మంది, ఆ దుమ్ములో ఎవరు మాత్రం ఎంత బాగా వండుతారు? నేను చెప్పేది ఒకటే, అక్కడ కొనుక్కొని తినడం కోసం నల్గొండ నుంచి పోనక్కర్లేదు.

ఇక బుద్ధి గడ్డి తిన్న భాగం. గుట్ట కింద ఒక కల్లు దుకాణం. పేరు చెప్పను. సీసాల్లో పోసి అమ్ముతున్నారు. మిట్టమధ్యాహ్నం పన్నెండు. నోట్లో పోసుకోగానే తియ్యగా ఉంది. అక్కడే ఆగిపోవాలి. పొద్దున దించిన కల్లు పన్నెండింటికి తియ్యగా ఎట్లా ఉంటుంది? మా తాత కల్లు తాగే మనిషి, ఇంట్లో చిన్నప్పటి నుంచి విన్న మాట ఇది. అయినా దాహం, ఎండ, పక్కన ఫ్రెండ్స్. రెండు సీసాలు తాగాను. పావుగంటలో కాళ్ళు దూది అయిపోయాయి. కల్లు మత్తు అట్లా ఎక్కదు. ఒక ట్రాక్టర్ నీడ కనిపించింది, దాని పక్కన పడుకున్నా. పడుకున్నా అనే కంటే పడ్డా అనడమే కరెక్ట్.

ఇది నవ్వులాట విషయం కాదు కాబట్టి సీరియస్‌గా చెప్తున్నా. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలం లాంటివి కలుపుతారు. నీళ్ళలో చక్కెరో శాకరినో వేసి, తెల్లగా చేసి, మత్తు కోసం ఈ మందు. రోజూ తాగి అలవాటైనవాళ్ళకి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి, పిచ్చిగా ప్రవర్తిస్తారు, ప్రాణాలు కూడా పోతాయి. మన పాలమూరు ఆస్పత్రుల్లో ఈ కేసులు కొత్త కాదు. మీతో ఉన్న మనిషి తాగి పిలిచినా పలకకపోతే, "మత్తు దిగుతుందిలే" అని పడుకోబెట్టకండి, 108కి ఫోన్ చేయండి. నా అదృష్టం బాగుంది, మూడు గంటల తర్వాత లేచా. మా ఫ్రెండ్స్ ముఖం మీద నీళ్ళు కొడుతూ కూర్చున్నారంట.

కళ్ళు తెరిస్తే ముందు కనిపించింది ఒక అవ్వ. చేతిలో ఇత్తడి చెంబు. "తాగు బిడ్డా, సల్ల" అంది. ఉప్పేసిన పల్చటి మజ్జిగ. అది తాగాక లోకం మళ్ళీ నిలబడింది. నేను పడుకున్న నీడ వాళ్ళ ట్రాక్టర్‌ది. తుంగతుర్తి వైపు ఊరి నుంచి ఇరవై రెండు మంది వచ్చారు. ట్రాలీలోనే పరుపులు, వంట గంజులు, కట్టెలు, బియ్యం సంచీ, నీళ్ళ డ్రమ్ము. మొక్కు యాట అప్పటికే అయిపోయింది, పొయ్యిల మీద వంట మొదలైంది.

నేను థ్యాంక్స్ చెప్పి లేవబోయా. అవ్వ నా చేతిలో ఒక గిన్నె పెట్టింది. నిండా ఎల్లిపాయలు. "ఊకె కూసోకు, పొట్టు తియ్యి" అంది. కెమెరా పట్టుకునే చేతికి ఎల్లిపాయ పొట్టు తీయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అరగంటలో నేను తీసినన్ని పాయలు ఆ ఇంటి చిన్నపిల్ల ఐదు నిమిషాల్లో తీసింది. తీసి నా వైపు చూసి నవ్వింది.

ఆ వంట చూస్తే వరస అర్థమైంది. ముందు కార్జం. నిప్పుల మీద నేరుగా వేసి, ఉప్పూ కారం చల్లి, కాలగానే పిల్లలకి. రెండోది బోటి, ఎందుకంటే అది ఆగదు, ఎండలో తొందరగా వాసన పడుతుంది. కడిగింది కడిగినట్టు పొయ్యి మీదకి ఎక్కాలి. తర్వాత కూర. తలకాయ, కాళ్ళు కాల్చి పక్కన పెట్టారు, అవి రేపు పొద్దుటికి. ఫ్రిజ్ లేని చోట ఏది ముందు, ఏది తర్వాత అనేది వాళ్ళకి ఎవరూ నేర్పలేదు, తరాల నుంచి చేతుల్లో ఉంది.

కూరలో టమాట లేదు. ఉల్లిగడ్డ, పసుపు, ఉప్పు, కారం, నేను తీసిన ఎల్లిపాయ, అల్లం. రాయి మీద దంచిన ధనియాలు. చివర్లో ఎండు కొబ్బరి పొడి. నూనె కూడా కొంచెమే, యాట కొవ్వే కరిగి పైకి తేలింది. మూడు రాళ్ళ పొయ్యి, తుమ్మ కట్టెలు. ముక్క ఉడికే దాకా ఊరికే మూత తీయలేదు, నీళ్ళ కోసం తీసినప్పుడు మాత్రం వేడినీళ్ళే పోశారు. పక్క పొయ్యి మీద బగారన్నం. ఇంకో గిన్నెలో పచ్చిపులుసు, ఎండకి అది తప్పదు.

మోదుగాకు విస్తరి. నేల మీద వరసగా కూర్చున్నాం, నాతోపాటు మా ముగ్గురూ. రుచి గురించి ఎట్లా చెప్పాలి? మాంసం మెత్తగా లేదు. పట్నం మటన్‌లాగా వేలితో విరగదు. పళ్ళకి పని చెప్తుంది, నమిలే కొద్దీ రుచి దిగుతుంది. పులుసు పల్చగా ఉండి, అన్నం అడుగు దాకా పోతుంది. పొగ వాసన కూరలోనే కాదు, అన్నంలో, ఆకులో, నా చొక్కాలో. నల్లి బొక్క నాకు వేయబోతే, "అది అల్లునికి" అని ఒక పెద్దాయన ఆపాడు. న్యాయమే. ఆ ఇంటి అల్లుణ్ని కాదు కదా నేను. నాకు రెండు తునకలు, కార్జం ముక్క ఒకటి. మళ్ళీ అడిగా, సిగ్గు పడకుండా.

ఈ భాగంలో వీడియో లేదు, ఎడిటింగ్‌లో ఫొటోలతో నెట్టుకొస్తున్నా. వాళ్ళు వద్దనలేదు, నాకే తీయబుద్ధి కాలేదు. ఇరవై రెండు మంది మొక్కు అన్నం తింటుంటే మధ్యలో లైట్ పెట్టి "ఒకసారి మళ్ళీ నోట్లో పెట్టుకోండి" అని అడగాలంటే ముఖం చెల్లలేదు.

కల్లు బాకీ ఉంది. పెద్దగట్టు అయిన వారం తర్వాత మునుగోడు వైపు ఒక పల్లెకి పోయా, తెలిసిన గౌడన్న దగ్గరకి. చలికాలంలో ఈతకల్లు, ఎండలు ముదిరే కొద్దీ తాటికల్లు. అప్పటికి తాటికల్లు మొదలైంది. ఆరింటికే ఆయన మోకు, ముస్తాదు వేసుకొని చెట్టెక్కాడు. గెల చివర సన్నగా చెక్కి లొట్టి, అంటే చిన్న కుండ, కడతారు, పొద్దునా సాయంత్రం ఎక్కి చూసుకుంటారు. తాటి రేకలో పోశాడు. తేనెటీగ ఒకటి తేలుతోంది, తీసి పారేశాడు. తియ్యగా, చల్లగా, పచ్చి వాసనతో. తొమ్మిదింటికి అదే లొట్టిలోది మళ్ళీ పోయించుకున్నా. నాలుక మీద చురుక్కుమంది, తీపి సగం పోయింది. పదకొండుకి పులుపు మొదలైంది. రసం లొట్టిలో పడుతున్నప్పటి నుంచే పులియడం మొదలవుతుంది, ఎవరూ ఏమీ కలపనక్కర్లేదు. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగుతుంది, పులియకుండా తీసిన ఆ రసమే నీరా. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్‌లో అమ్మింది నీరానే.

బావకి చెప్పా ఆ రోజు ఫోన్ చేసి. మీ వైన్‌కి సంవత్సరం అడుగుతారు, మా కల్లుకి టైం అడగాలి బావా, అని. తొమ్మిది గంటల కల్లు, పక్కన ఉడకబెట్టిన అలసంద గుడాలు, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. నా లెక్కలో దాన్ని మించిన చాకన లేదు. చీజ్ ముక్కకి ఈ పొగ ఎక్కడిది? బావ ఒప్పుకోలేదు. వచ్చి తాగి చెప్తానన్నాడు.

మీరు పోవాలనుకుంటే: చెట్టు కిందే, కళ్ళ ముందు దించింది మాత్రమే తాగండి. ఏ వేళ తాగినా ఒకే తీపి ఉంటే గ్లాసు కింద పెట్టేయండి. 21 ఏళ్ళు నిండనివాళ్ళు దీంట్లోకి రావద్దు, తాగినవాళ్ళు బండి హ్యాండిల్ పట్టొద్దు. జాతరకైతే నోట్లు, చిల్లర పట్టుకుపోండి, జనం పెరిగాక సిగ్నల్ చచ్చిపోతుంది, ఫోన్‌పే తిరుగుతూనే ఉంటుంది. ముక్కుకి గుడ్డ. నీళ్ళు మనిషికి కనీసం మూడు లీటర్లు. ఆడవాళ్ళకి టాయిలెట్ల ఇబ్బంది నిజంగా ఉంది, ఉన్నవి ఆ జనానికి చాలవు. పొద్దున్నే పోయి మధ్యాహ్నానికి వచ్చేయడం కొంత నయం. చెరువుగట్టు జాతర కూడా మాఘంలోనే, నార్కట్‌పల్లి పక్కనే, అది ప్రతి ఏడాదీ ఉంటుంది. పెద్దగట్టు మిస్సయినవాళ్ళు దానికి పోవచ్చు.

రేటింగ్ అడుగుతారు కాబట్టి: కురుమూర్తి సీకులు మధ్యాహ్నం లోపు తింటే పదికి ఎనిమిది మార్కులు, సాయంత్రం తింటే ఐదు మార్కులే. పెద్దగట్టు స్టాళ్ళు మూడు, జిలేబీకి ఒకటి కలిపి నాలుగు. అవ్వ కూరకి మార్కులు వేసేంత పెద్దవాణ్ని కాను.

పెద్దగట్టు మళ్ళీ 2027 మాఘంలో. మేం నలుగురం ఇప్పటి నుంచే నెలనెలా డబ్బులు వేస్తున్నాం, ఒక యాట, ఒక గంజు, ఒక ట్రాక్టర్ అద్దె. పుణె నుంచి బావ కూడా వస్తున్నాడు. ట్రాలీలో ఇంకా చోటుంది. రావాలనుకునేవాళ్ళకి ఒక్కటే పరీక్ష, ఎల్లిపాయ పొట్టు తీయడం. బావకి నిన్న వీడియో కాల్‌లో పెట్టాం. ఫెయిల్.